మత సంస్థలో చేరినవారికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? తమ్ముడి విషయంలో మీ అభిప్రాయం కావాలి

సిరొంచ టీచర్:

అందరికీ నమస్కారం. నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉంటాను, మరాఠీ మాధ్యమ పాఠశాలలో పాఠాలు చెబుతాను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది నా ప్రశ్న కాదు కాబట్టి దయచేసి చర్చను అటువైపు తీసుకుపోవద్దు. పెద్దలు, నియమాలు, సభ్యత్వం, చందాలు, వారం వారం సమావేశాలు పెట్టుకుని ఒక సంస్థగా నడిచే మతం, తనను నమ్ముకున్నవారికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నదే నేను తెలుసుకోవాలనుకుంటున్నాను.

మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. అయితే వంతెన దాటితే తెలంగాణ దుకాణాలున్నాయి, ఇటు ఊళ్లలో ఇప్పసారా ఉండనే ఉంది. మా తమ్ముడు పెళ్లయిన నాటి నుంచి తాగేవాడు. కూలి డబ్బులు ఇల్లు చేరిన రోజులు తక్కువ. ఆ తరువాత ఒక ప్రార్థనా సమాజంలో చేరాడు. అది ఏ మతానికి చెందినదో కావాలనే చెప్పడం లేదు, ఎందుకంటే పేరు చెప్పగానే మాట్లాడుకోవలసిన విషయం పోయి ఆ మతం మీద వాదన మొదలవుతుంది. చేరిన తరువాత వాడు తాగడం పూర్తిగా మానేశాడు. పిల్లలు బడికి సరిగా వస్తున్నారు. మా మరదలికి ఆపరేషన్ అయి చంద్రపూర్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రక్తం ఇచ్చినవాళ్లూ, రాత్రుళ్లు వరండాలో పడుకుని కనిపెట్టుకున్నవాళ్లూ, ఇంటికి వచ్చాక వంట చేసి పెట్టినవాళ్లూ ఆ సమాజం మనుషులే. సొంత చుట్టాలం మేము అంత చేయలేకపోయాం.

కాని వాడు సంపాదనలో పదో వంతు ఆ సమాజానికి ఇస్తున్నాడు. ఇంటి రేకులు మార్చాలని దాచుకున్న డబ్బు కూడా ఒక కట్టడానికి ఇచ్చేశాడని తరువాత తెలిసింది. మా ఇళ్లలో జరిగే తంతులు తమకు నిషిద్ధమని చెప్పి మా అక్క కూతురి పెళ్లికి రాలేదు, మా బాపు (నాన్న) సంవత్సరీకానికీ రాలేదు. ఆ సమాజం పెద్దాయన ఒక మాట చెబితే ఎందుకని అడిగే అలవాటు వాడిలో పూర్తిగా పోయింది. ఒకప్పుడు తాగి అయినా సరే ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసేవాడు. మా అమ్మ కొడుకు బాగుపడ్డాడని పొద్దున సంతోషిస్తుంది, చేజారిపోయాడని సాయంత్రం ఏడుస్తుంది. ఈ రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నప్పుడు దాన్ని మేలు అనాలా, కీడు అనాలా? ముందుగానే గుర్తుపట్టే కొలత ఏదైనా ఉందా? నేను కలగజేసుకోవాలా, ఊరుకోవాలా?


చంద్రపూర్ పాఠకుడు:

టీచర్ గారికి జైభీమ్. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మేము మూడు తరాలుగా చంద్రపూర్‌లో ఉన్నాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చిన తరువాత బాబాసాహెబ్ అంబేడ్కర్ ఇక్కడికి వచ్చి, అక్టోబరు 16న, అప్పట్లో చాందా అని పిలిచే మా ఊళ్లో మళ్లీ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. అందులో మా తాత ఒకరు. కాబట్టి మీరు అడిగినది మా ఇంట్లో మూడు తరాలుగా మాట్లాడుకుంటున్న విషయమే.

మొదట ఒక మాట చెప్పాలి. మీరు సంస్థ అంటే చందా పుస్తకం, పెద్దాయన, సమావేశం ఉన్నది మాత్రమే అనుకుంటున్నట్టున్నారు. మా తాత పుట్టిన మతానికి ఆయన ఎన్నడూ సభ్యత్వం కట్టలేదు, దానికి మా ఊళ్లో కార్యాలయమూ లేదు. అయినా ఆయన ఏ బావిలో నీళ్లు తోడకూడదో, ఏ గుడి మెట్టు ఎక్కకూడదో, చచ్చిన పశువును ఎవరు ఈడ్చాలో అంతా అది తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద మొర పెట్టుకోవడానికి ఒక అధ్యక్షుడు గాని, కార్యదర్శి గాని లేడు. కనిపించే సంస్థ చేసే కీడును కనీసం వేలెత్తి చూపగలం. కనిపించకుండా ఊరంతా పరుచుకున్నది చేసిన కీడు వందల ఏళ్లు నడిచింది. అందువల్ల సంస్థ అయినందుకే మతం చెడిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

బాబాసాహెబ్ 1935 అక్టోబరులో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి, 21 ఏళ్లు ఆలోచించి, చివరకు ఒక మతాన్నే ఎంచుకున్నారు. ఎవరికి వారు మతం వదిలేసి విడిగా బతకండి అని ఆయన చెప్పి ఉండవచ్చు, కాని చెప్పలేదు. ఒక ఇల్లు ఒంటరిగా పశువుల కళేబరాలు మోయనంటే ఊరివాళ్లు దుకాణం మూసేస్తారు, పని ఇవ్వరు, దారి ఆపుతారు. వాడ మొత్తం ఒకే రోజు, దీక్షలోని అవే 22 ప్రతిజ్ఞలు చెప్పి మానేస్తే ఎవరినని ఆపగలరు? వ్యవస్థీకృత మతం లేకుండా మా తాత తలెత్తుకునేవాడు కాదు. దానికి వాళ్లు మూల్యం కూడా చెల్లించారు. బౌద్ధం తీసుకున్నవారికి కేంద్రం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు 1990లో గాని ఇవ్వలేదు. నష్టం ఉంటుందని తెలిసీ ఎంచుకున్నారు.

మాలో లోపాలు లేవని నేను అనను. ప్రతిజ్ఞల ప్రకారం గణపతిని పూజించకూడదు. కాని గణేశ్ పండుగ నాడు ఒక ముసలామె గూట్లో బొమ్మ పెట్టుకుందని తెలిసి, సమాజం పెద్దలు ఆమె ఇంటికి వెళ్లి నలుగురిలో నిలదీయడం నేను చూశాను. ఆ ముసలామె ఎవరికి ఏం అపకారం చేసిందని? ఏ విముక్తి కోసం ఆ ప్రతిజ్ఞలు పుట్టాయో అది ఆ గదిలో లేదు.

మీ తమ్ముడు ఎక్కడికి వెళ్లాడని కాకుండా, వెళ్లిన తరువాత ఎలాంటి మనిషి అవుతున్నాడో చూడండి. తాగుడు మానడం పెద్ద విషయం. కాని ప్రశ్న అడగడం మానేశాడని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.


బల్లార్‌పూర్ వాసి:

టీచర్ గారూ, నేను మతం లేనివాడిని, కాగితం మిల్లులో పని చేసి రిటైర్ అయ్యాను. పై మిత్రుడి కుటుంబ చరిత్ర పట్ల నాకు గౌరవం ఉంది. అయినా మీరు చెప్పిన సంగతులను విడదీసి చూడమని కోరుతున్నాను.

మీ మరదలికి రక్తం ఇచ్చింది మనుషులు. వరండాలో పడుకుంది మనుషులు. ఆ మేలు వాళ్ల సిద్ధాంతం వల్ల కలిగిందా, వాళ్ల సాంగత్యం వల్ల కలిగిందా? అమెరికాలో చాలామంది నర్సులను ఏళ్ల తరబడి పరిశీలించిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది; 74,534 మంది స్త్రీలలో, వారానికి ఒకసారి కన్నా ఎక్కువగా ప్రార్థనలకు వెళ్లేవారిలో మరణాలు ఎన్నడూ వెళ్లనివారితో పోలిస్తే 33 శాతం తక్కువగా ఉన్నాయని తేలింది. మత ప్రచారకులు ఇలాంటి ఫలితాలను చాలా ఇష్టంగా చెబుతారు. కాని అదే అమెరికాలో లిమ్, పుట్నమ్ అనే ఇద్దరు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ప్రార్థనలకు వెళ్లేవారికి జీవితం పట్ల తృప్తి ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఆ ప్రార్థనా సమాజంలో వారికి దగ్గరి స్నేహితులు ఉండటమే అని తేలింది. క్రమం తప్పకుండా వెళ్తున్నా అక్కడ స్నేహితులు లేనివారికి ఆ లాభం కనిపించలేదు. అంటే మందు స్నేహం. మతం దాన్ని అందించే దుకాణం మాత్రమే, పైగా ఆ దుకాణం మీ తమ్ముడి దగ్గర పదో వంతు ధర వసూలు చేస్తోంది.

నాకు అసలు భయం ప్రశ్నించలేని పెద్దరికం గురించి. మన రాష్ట్రంలో నరేంద్ర దాభోల్కర్ గారు ఏళ్ల తరబడి అడిగిన మూఢనమ్మకాల నిరోధక చట్టం, 2013 ఆగస్టు 20న పుణెలో ఆయనను కాల్చి చంపిన తరువాత గాని రాలేదు. పాము, తేలు, కుక్క కరిచినవారిని వైద్యానికి పోనీయకుండా ఆపి మంత్రాలు వేయడం ఆ చట్టం ప్రకారం నేరం. వర్షాకాలంలో సిరొంచ, అహేరి అడవి ఊళ్లలో పాముకాటు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. అటువంటి రోజున మీ తమ్ముడు మొదట ఆంబులెన్స్‌కు ఫోన్ చేస్తాడా, పెద్దాయనకు ఫోన్ చేస్తాడా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోండి.

తాగుడు మానడానికి మతం తప్పనిసరి కాదు. గడ్చిరోలిలో 1993 నాటి నిషేధం జనం ఉద్యమించి సాధించుకున్నది. అటువంటి సాంగత్యమే మరోచోట దొరికితే మీ తమ్ముడిని అటు మళ్లించవచ్చు.


చంద్రపూర్ పాఠకుడు:

బల్లార్‌పూర్ పెద్దలకు ఒక చిన్న మాట. ఆ మరోచోటు ఏదో దయచేసి పేరు పెట్టి చెప్పండి. కూలి చేసుకునే మనిషికి, సిరొంచలో, వారం వారం పలకరించే చోటు ఏది ఉంది? మన జిల్లా ఊళ్లలో మద్యం మానండి, వీధులు ఊడవండి అని ఖంజిరీ పట్టుకుని చెప్పి జనాన్ని కదిలించిన తుకడోజీ మహరాజ్ కూడా సామూహిక ప్రార్థనతోనే మొదలుపెట్టారు. స్నేహం మందు అన్నారు, నిజమే. ఆ స్నేహం వారం తప్పకుండా, వాన పడినా, ఎవరికీ ఎవరి మీదా మనసు లేని రోజున కూడా నిలవాలంటే దాన్ని నిలిపేది ఒకటి కావాలి. చాలామందికి అది మతమే అయింది.


పర్లాకిమిడి నుంచి:

మహారాష్ట్ర మిత్రుల చర్చలోకి ఒడిశా వైపు నుంచి వస్తున్నందుకు అన్యథా భావించవద్దు. మాది గజపతి జిల్లా. టీచర్ గారు బాపు సంవత్సరీకం గురించి రాసిన మాట చదివాక నాకు మా కొండల మీది సవరలు గుర్తుకు వచ్చారు. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

సవరల భాషను మొట్టమొదట శ్రద్ధగా నేర్చుకుని, వాచకాలు రాసి, నిఘంటువు కట్టినవారు మా ఊళ్లో పనిచేసిన గిడుగు రామమూర్తి గారే అని మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల పాత మతంలో మందిరం లేదు, గ్రంథం లేదు, సభ్యత్వం లేదు. చనిపోయినవాళ్లు మళ్లీ మాట్లాడటమే దాని ప్రాణం. ఇంట్లో ఎవరైనా పోతే, పూనకం వచ్చే మధ్యవర్తి, చాలాసార్లు ఒక స్త్రీ, మృతుల లోకానికి వెళ్తుంది. ఆమె నోట చనిపోయినవారు వచ్చి కూర్చుంటారు. కుటుంబమంతా చుట్టూ చేరి వారితో మాట్లాడుతుంది, ఏడుస్తుంది, పోట్లాడుతుంది, నువ్వు పోయేటప్పుడు ఈ అప్పు సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీస్తుంది. మొదట కోపంగా, బతికున్నవారికి జబ్బులు తెచ్చేలా ఉన్న ఆ మృతుడు, కొన్నేళ్ల సంభాషణల తరువాత చల్లబడి కుటుంబాన్ని కాచే పూర్వికుడు అవుతాడు. పియర్స్ వైటెబ్స్కీ అనే మానవ శాస్త్రవేత్త 1970ల నుంచి ఆ ఊళ్లలో ఉంటూ వచ్చి దీన్నంతా రాసిపెట్టారు.

ఇది విని అందరూ ముగ్ధులవుతారు. కాని దీని ఖర్చు ఎవరూ అడగరు. మృతులకు దున్నపోతులను బలి ఇవ్వాలి. వాటి కోసం కొండవాళ్లు మైదానం షావుకార్ల దగ్గర అప్పులు చేసేవారు. చదువు లేక, లెక్క తెలియక ఆ అప్పులో మోసపోయేవారు. జీలుగు కల్లు లేకుండా ఏ తంతూ జరిగేది కాదు. కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చి పాఠశాలలు, వైద్యం, సవర భాషలో పాటలు, గ్రంథం ఇచ్చారు. గత 50 ఏళ్లలో యువతరంలో చాలామంది ఆ సంఘాల్లో చేరారు. చేరినవాళ్లు బలులు మానేశారు, కల్లు మానేశారు, అప్పులు తగ్గాయి, పిల్లలు చదువుకున్నారు, ఆఫీసుకు వెళ్లి కాగితం చదివి జవాబు చెప్పగలిగారు. ఇదంతా మేలు కాదని అనడానికి ఎవరికీ నోరు రాదు. అప్పుల్లో ఉన్నది మనం కాదు కదా.

మరి పోయింది ఏమిటంటే, ఆ సంభాషణ. కొత్త సంఘంలో చనిపోయినవారితో మాట్లాడకూడదు. వారు దేవుడి దగ్గర ఉన్నారు, అక్కడితో సరి. పాత పద్ధతిలో పెరిగిన తల్లి, బాప్టిస్టు కొడుకు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆమెకు పట్టే దిగులు ఒకటే: నేను పోయాక నాతో ఎవరు మాట్లాడతారు? ఒక తరం మధ్యవర్తులు పోయి, వారి వెనుక నేర్చుకునేవారు లేకపోతే, తరువాత కావాలనుకున్నా ఆ దారి తిరిగి రాదు. అదే కొండల్లో కొందరు మూడో దారి కూడా తీశారు. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు సొంత లిపి తయారు చేశారు, ఆ అక్షరాలనే ఆరాధించే ఒక మతం దాని చుట్టూ ఏర్పడింది. అక్కడా మద్యం, బలులు నిషేధమే. అంటే సంస్కరణ కోసం వాళ్లు బయటివారి మతంలోనే చేరాలన్న నియమం ఏమీ లేదు. కాని ఎటు వెళ్లినా ఒక సంస్థ కావలసి వచ్చింది.

సంస్థే లేని మతం ఏం చేయగలదో కూడా మా పక్కనే ఉంది. రాయగడ, కలహండి జిల్లాల్లోని డోంగ్రియా కోందు గిరిజనుల నియమగిరి కొండ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో, బాక్సైటు తవ్వకం వారి దేవుడైన నియమరాజా ఆరాధన హక్కును దెబ్బతీస్తుందా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండకు ధర్మకర్తల మండలి లేదు, హుండీ లేదు. అందుకని మంచి అంతా సంస్థలోనే ఉందని కూడా నేను అనలేను.

టీచర్ గారూ, ఇంత చెప్పడానికి కారణం ఇది. మీ తమ్ముడు సంవత్సరీకానికి రాకపోవడం మర్యాద తప్పడం కాదు, అది ఒక నిషేధం. అతను మేలు పొందిన చోటే అతనికి ఆ నిషేధమూ దొరికింది. బాపును తలుచుకోవడాన్ని వాళ్లు వద్దంటున్నారా, ఆ తంతును మాత్రమే వద్దంటున్నారా అని అతన్నే నెమ్మదిగా అడగండి. తంతు మాత్రమే అయితే, పిండప్రదానం అయిపోయాక సాయంత్రం భోజనానికి రమ్మనండి. బాపు గురించి మాట్లాడుకోవడానికి బ్రాహ్మడు అక్కర్లేదు.


నాందేడ్ వకీలు:

నేను నాందేడ్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, సొంత ఊరు ధర్మాబాద్ తాలూకాలో ఉంది. పర్లాకిమిడి మిత్రుడు రాసినది రెండుసార్లు చదివాను. కొలత ఏదైనా ఉందా అని టీచర్ గారు అడిగారు కాబట్టి, నా వృత్తి వల్ల నాకు కనబడిన కొలత చెబుతాను. లోపల ఉన్నవాళ్లు ఎంత సుఖంగా ఉన్నారన్నదాన్ని బట్టి నేను ఒక మత సంస్థను అంచనా వేయను. బయటికి రాదలచుకున్నవాడికి ఏం జరుగుతుందో చూస్తాను.

దీనికి మన రాష్ట్రంలో పెద్ద చరిత్రే ఉంది. మత పెద్దలు ఎవరినీ సమాజం నుంచి వెలివేయకూడదని బొంబాయి ప్రభుత్వం 1949లో చట్టం చేసింది. దావూదీ బోహ్రా ముస్లింల మత పెద్ద దాన్ని సవాలు చేశారు. 1962లో సుప్రీంకోర్టు, మత కారణాలతో వెలివేయడం ఆ సమాజం తన మతాన్ని తాను నిర్వహించుకునే హక్కులో భాగమని చెప్పి, నలుగురు ఒకవైపు ఒకరు ఒకవైపుగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. వెలి అంటే ఏమిటో గుర్తుంచుకోండి: ప్రార్థనా స్థలం మూతపడుతుంది, చివరకు శ్మశానంలో చోటు కూడా దొరకదు. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపింది. ఈలోగా మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కార నిషేధ చట్టం చేసింది, అది 2017 జులై నుంచి అమలులో ఉంది. ఒక మనిషిని గాని కుటుంబాన్ని గాని సామాజికంగా బహిష్కరిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ముఖ్యంగా కులపంచాయతీల దౌర్జన్యాల వల్ల ఈ చట్టం అవసరమైంది.

బల్లార్‌పూర్ పెద్దలు అన్నట్టు మేలు స్నేహం నుంచే వస్తుందని ఒప్పుకుందాం. అప్పుడు కీడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలిసిపోతుంది. మనిషికి తిండి పెట్టి, రక్తం ఇచ్చి, తాగుడు మాన్పించిన ఆ బంధమే, రేపు అతను ఎదురు ప్రశ్న వేస్తే తెగిపోతుందన్న భయంగా మారుతుంది. బంధం ఎంత గట్టిదైతే భయం అంత గట్టిది. పాత స్నేహితులు, చుట్టాలు అందరూ దూరమై, ఆ సమాజం తప్ప మరో ఆసరా లేకుండా పోయిన మనిషికి బయటికి వచ్చే స్వేచ్ఛ కాగితం మీదే ఉంటుంది. అందుకే నేను మీతో గట్టిగా చెప్పదలచుకున్నది మీ తమ్ముడి సమాజం గురించి కాదు, మీ కుటుంబం గురించి. మీ చుట్టాల్లో ఎవరూ అతన్ని శుభకార్యాలకు పిలవడం మానకూడదు. పిలిచినా రాడని తెలిసినా పిలవాలి. మీరు అతన్ని వదిలేస్తే ఆ పెద్దాయన చేతిలో ఉన్న పట్టును మీరే రెట్టింపు చేసినవారవుతారు.

ఇక డబ్బు సంగతి. మహారాష్ట్రలో మత, ధార్మిక సంస్థలు ట్రస్టుగా నమోదై, ఏటా లెక్కలు ఆడిట్ చేయించి చారిటీ కమిషనర్ కార్యాలయానికి సమర్పించాలి. ఆ కట్టడానికి ఇచ్చిన మొత్తానికి మీ తమ్ముడి దగ్గర రసీదు ఉందా? ఆ సమాజానికి నమోదు సంఖ్య ఉందా? ఉంటే లెక్కలు అడిగే దారి ఉంటుంది. ఇవి మీరు వెళ్లి అడిగితే గొడవ అవుతుంది, అతనే అడగాలి. ఒక సభ్యుడు మర్యాదగా రసీదు అడిగినప్పుడు పెద్దాయన ఎలా స్పందిస్తాడన్నది, మీరు వెతుకుతున్న కొలత కావచ్చు. రసీదు రాసి చేతిలో పెడితే ఒక రకం సంస్థ, నీకు విశ్వాసం తగ్గిందా అని సభలో అడిగితే మరో రకం.

మా ఊరికి వస్తే సిక్కుల హజూర్ సాహిబ్ గురుద్వారాలోని లంగరులో, అంటే ఉచిత భోజనశాలలో, భోజనం చేయండి. మీరు ఎవరు, ఏ మతం, మళ్లీ వస్తారా అని అక్కడ ఎవరూ అడగరు. ఆ గురుద్వారా నిర్వహణకు 1956 నాటి చట్టం ఉంది, బోర్డు ఉంది, దాని మీద వివాదాలూ ఉన్నాయి. అయినా లక్షలమందికి రోజూ వంట చేసి పెట్టడం వ్యవస్థ లేకుండా జరిగే పని కాదు.


బల్లార్‌పూర్ వాసి:

వకీలు గారు, లక్షలమందికి రోజూ అన్నది పండుగ రోజుల సంగతి అయి ఉంటుంది, మామూలు రోజుల్లో వేలల్లో ఉంటుందనుకుంటాను. అది పక్కన పెడితే, బయటికి వచ్చేవాడికి ఏం జరుగుతుందన్న కొలతను నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను. అది మత సంస్థలకే కాదు, యూనియన్లకూ పార్టీలకూ వర్తిస్తుంది. చంద్రపూర్ మిత్రుడు అడిగిన మరోచోటు మా మిల్లు కాలనీలో ఉండేది, సిరొంచలో లేదన్నది నిజమే. అది లేకపోవడం నావంటివాళ్లు పట్టించుకోవలసిన విషయం. అయినా పిల్లల గురించి ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు తన ఇష్టంతో చేరాడు. అతని పిల్లలు చేరలేదు, చేర్చబడ్డారు. వాళ్ల సంగతి ఏమిటి?


సిరొంచ టీచర్:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారు కుటుంబం గురించి రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. మా పెద్దబాపు పోయిన నెలలో, వచ్చే పెళ్లికి వాళ్లను పిలవవద్దని, పిల్లలనూ రానీయవద్దని అందరి ముందు అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఇప్పుడు మా అమ్మ తానే వెళ్లి పిలుస్తానంటోంది, మా పెద్దబాపు కోపగించినా సరే అంటోంది.

పిల్లల గురించి అడిగారు. పెద్దవాడు నా తరగతిలోనే ఉన్నాడు. వాడు సైన్సు బాగా చదువుతాడు, ప్రశ్నలు అడుగుతాడు; బడిలో అడిగినట్టు అక్కడ కూడా అడుగుతావా అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్నతో వాడిని ఇరుకున పెట్టడం నాకు ఇష్టం లేదు. కాని మా ఇంటికి రావడం, సెలవుల్లో ఉండటం మాత్రం ఆగకుండా చూస్తాను.

పాముకాటు ప్రశ్న మా మరదలిని అడిగాను. ఆసుపత్రికే పోతాం వదినా, మా ప్రార్థన ఆసుపత్రి వరండాలో కూడా చేస్తాం కదా, మీరు చూశారు కదా అంది. నాకు కొంత ధైర్యం వచ్చింది. రసీదు విషయం తమ్ముడికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ డబ్బు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని చోటికి పోయిందని అన్నాడు. అయినా ఈ ఆదివారం అడుగుతానన్నాడు. సంవత్సరీకం నాడు సాయంత్రం వస్తానని కూడా అన్నాడు, భోజనం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.


నాందేడ్ వకీలు:

భోజనం కోసం ఒత్తిడి చేయవద్దు, రావడమే చాలు. బల్లార్‌పూర్ వారు లంగరు సంఖ్య గురించి సరిగా పట్టుకున్నారు, వేలల్లో అని చదువుకోండి. రసీదు అడిగిన తరువాత అతన్ని గాని, మీ మరదలిని గాని సమావేశాలకు రావద్దనడం, వాళ్లతో మాట్లాడవద్దని ఇతర సభ్యులకు చెప్పడం వంటివి జరిగితే, తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచండి. వెంటనే పోలీసుల దగ్గరకు పోకండి, ముందు ఇక్కడ రాయండి. ఏం చేయవచ్చో చెబుతాను. ఏమీ జరగకుండా రసీదు ఇచ్చేస్తే ఆ సంగతి కూడా తప్పకుండా రాయండి.